ఫైబర్ లైనుకి కార్డ్‌లెస్ ఫోను: బేస్ ఎక్కడ పెట్టాలి, ఏ పోర్టుకి కలపాలి?

#1 గోదారిగట్టు

రాజమండ్రిలో రెండంతస్తుల ఇల్లు. రాగి లైను తీసేసి అదే నంబరు మీద ఫైబర్ ఇచ్చారు. ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) పైఅంతస్తులో గోడకి ఉంది. ఫోను వాడేది మాత్రం కింద ఉండే పెద్దవాళ్లు. రెండు హ్యాండ్‌సెట్లు వచ్చే పానాసోనిక్ 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు తెచ్చాం, ఇంకా పెట్టె విప్పలేదు. కలిపే ముందు కొన్ని సందేహాలు:

- ఓఎన్‌టీ వెనక ఫోను పోర్టులు రెండున్నాయి. దేనికి కలపాలి?
- బేస్ (లైను తగిలించే పెట్టె) పైనే ఉంచితే స్లాబు దాటి కింద గదులకి అందుతుందా?
- పాత రాగి లైను వైరింగు, రెండు రోజెట్ బాక్సులు (ఫోను తీగ గుచ్చే డబ్బాలు) గోడల్లో అలాగే ఉన్నాయి. వాడుకోవచ్చా?
- రెండో హ్యాండ్‌సెట్‌ని విడిగా బేస్‌కి రిజిస్టర్ చేయాలా?

#2 కేబుల్‌మేస్త్రి

కార్డ్‌లెస్ ఇప్పుడే కలపకండి. ముందు ఒక మామూలు తీగ ఫోను తీసుకుని ఓఎన్‌టీకి పెట్టి చూడండి. ఇల్లంతా వెతుక్కునే పని సగం అక్కడే తప్పుతుంది.

ఫోను పోర్టుల మీద టెల్1, టెల్2 అనో, పాట్స్1, పాట్స్2 అనో, ఫోన్1, ఫోన్2 అనో ఉంటుంది. ఒకే నంబరు తీసుకుంటే సాధారణంగా మొదటి పోర్టులోనే దాన్ని ఎక్కిస్తారు. ఓఎన్‌టీ ముందువైపు ఆ పోర్టు తాలూకు లైటు వెలిగి ఉండాలి. వెలగకపోతే ఆ నంబరు సర్వరులో రిజిస్టర్ కాలేదని అర్థం. అప్పుడు ఫోను మార్చినా, తీగ మార్చినా లాభం లేదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లకే చెప్పాలి. ఇంటర్నెట్ వస్తోంది కదా ఫోను ఎందుకు రాదంటారు చాలామంది. మాటకి వేరే వీలాన్ (అదే ఫైబర్ మీద విడిగా నడిచే దారి), వేరే ఎకౌంటు ఉంటాయి. ఒకటి పనిచేస్తూ రెండోది చచ్చి ఉండటం మామూలే.

ఫోను తీగ చివర ఉండేది ఆర్‌జే11, సన్న ప్లగ్గు. అది లాన్ (ఇంటర్నెట్ కేబుల్) పోర్టులోకి కూడా దూరుతుంది, దూర్చకండి. అంచుల్లో ఉండే ప్లాస్టిక్కు లాన్ పోర్టు చివరి పిన్నుల్ని వంచేస్తుంది. పైగా ఫోను పోర్టులో గంట కొట్టేటప్పుడు వచ్చే వోల్టేజీ లాన్ వైపు వెళ్లకూడదు.

తీగ ఫోనులో డయల్ టోన్ వచ్చి, సెల్లుకి ఒక కాల్ వెళ్లి, సెల్లు నుంచి ఒక కాల్ వచ్చి గంట మోగిందంటే లైను బాగున్నట్టే. ఆ తర్వాత ఏం తేడా వచ్చినా అది మీ ఇంటి వైరింగులోనో కార్డ్‌లెస్‌లోనో వెతుక్కోవాలి.

రెండో హ్యాండ్‌సెట్: పెట్టెలో వచ్చిన రెండూ ఫ్యాక్టరీలోనే రిజిస్టరై వస్తాయి. బ్యాటరీ వేసి ఛార్జి పెడితే చాలు. విడిగా కొని కలిపే మూడో దానికే ఆ తతంగం.

#3 ఎక్స్ఛేంజి_పాతకాపు

గోదారిగట్టు గారూ, పాత వైరింగు నిక్షేపంలా వాడుకోవచ్చు, కానీ ఒక పని ముందు చేసి తీరాలి. బయట స్తంభం మీది డీపీ (లైన్లు పంచే డబ్బా) నుంచి ఇంట్లోకి వచ్చే డ్రాప్ వైరుని మొదటి రోజెట్ దగ్గర స్క్రూలు వదులు చేసి పూర్తిగా విప్పి, రెండు చివరలకీ విడివిడిగా టేపు చుట్టి పక్కన పెట్టేయండి. లైను తీసేశారన్నది కాగితం మీద మాట. ఎక్స్ఛేంజిలో జంపరు (మీ లైనుని అక్కడ కలిపే తీగ) తీయకపోతే ఆ రెండు తీగల జతలో ఇంకా 48 వోల్టులు ఉండొచ్చు. ఓఎన్‌టీ ఫోను పోర్టు కూడా తనవైపు నుంచి దాదాపు అంతే వోల్టేజీ ఇస్తుంది. రెండు సరఫరాలు ఒకే జత మీద ఎదురుపడితే పోయేది ఓఎన్‌టీ పోర్టు. వానాకాలం పిడుగు పడితే ఆ డ్రాప్ వైరు గుండా వచ్చేది 48 వోల్టులతో ఆగదు కూడా.

విప్పాక పని తేలిక. పైనున్న రోజెట్ నుంచి ఓఎన్‌టీ ఫోను పోర్టుకి ఒక ఆర్‌జే11 తీగ. ఇప్పుడా జత మొత్తం ఓఎన్‌టీ నుంచి నడుస్తుంది. కింద రోజెట్‌లో కార్డ్‌లెస్ బేస్ గుచ్చుకోండి. ఇంటి లోపలి 20, 30 మీటర్ల తీగ ఆ పోర్టుకి లెక్కే కాదు.

మల్టీమీటరు ఉంటే డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టి కింద రోజెట్ రెండు స్క్రూల మీద చూడండి. ఫోను పెట్టి ఉండగా 40 నుంచి 50 మధ్య చూపాలి. ఫోను ఎత్తితే 6 నుంచి 12 మధ్యకి పడిపోవాలి. అసలు సున్నా అయితే తీగ ఎక్కడో తెగింది, లేదా రెండు తీగలూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. ఫోను పెట్టి ఉన్నా పదికి మించకపోతే సమాంతరంగా ఉన్న ఇంకో ఫోను ఎత్తి ఉంది. గంట మోగేటప్పుడు మాత్రం స్క్రూల మీద వేలు పెట్టకండి. అప్పుడు వచ్చేది ఏసీ, చురుక్కుమంటుంది.

#4 సిగ్నల్‌సుబ్బు

పాత వైరింగు మీద ఎన్ని ఫోన్లు తగిలించొచ్చన్నది కూడా చూసుకోండి. ఎక్స్ఛేంజి రాగి లైను నాలుగైదు ఫోన్ల గంటల్ని మోగించేది. ఓఎన్‌టీ పోర్టుకి సాధారణంగా అంత సత్తా ఉండదు. రెండు, మహా అయితే మూడు. అందుకని కార్డ్‌లెస్ బేస్ ఒకటి, తీగ ఫోను ఒకటి చాలు. కార్డ్‌లెస్‌కి ఎన్ని హ్యాండ్‌సెట్లు కలిపినా లైను మీద పడే భారం ఒక్క బేస్‌దే. హ్యాండ్‌సెట్లు కరెంటుతో మోగుతాయి, లైనుతో కాదు.

#5 గోదారిగట్టు

డ్రాప్ వైరు విప్పేశాను. కింద రోజెట్‌లో 47 వోల్టులు చూపిస్తోంది, తీగ ఫోనులో టోన్ వస్తోంది. ఇప్పుడు బేస్ కింద ఎక్కడ పెట్టాలి? హాల్లో టీవీ పక్కన రోజెట్ ఉంది. అక్కడే వైఫై మెష్ పెట్టె (వైఫైని ఇల్లంతా అందించేది) కూడా ఉంది.

#6 సిగ్నల్‌సుబ్బు

ఆ జాగా వద్దు.

మీ ఫోను 2.4 గిగాహెర్ట్జ్‌ది. వైఫై పాత పట్టీ (రేడియో బ్యాండు) అదే, బ్లూటూత్ అదే, మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ 2.45 దగ్గరే. ఈ ఫోన్లు ఒకే చానెల్‌లో కూర్చోకుండా పట్టీ అంతా గెంతుతూ ఉంటాయి కాబట్టి పూర్తిగా ఆగిపోవు. కానీ మెష్ పెట్టె అడుగు దూరంలో ఉంటే మాటలో టిక్కు టిక్కుమంటూ ముక్కలు రాలిపోతాయి, అటు వైఫై వేగమూ తగ్గుతుంది. కనీసం మీటరు దూరం, కుదిరితే రెండు మూడు మీటర్లు ఉంచండి. రౌటరులో 2.4ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకి కుదించి, చానెల్‌ని ఆటో కాకుండా 1 గానీ 6 గానీ 11 గానీ స్థిరంగా పెట్టండి. టీవీ, ల్యాప్‌టాప్, కొత్త సెల్లులు 5 గిగాహెర్ట్జ్‌కి మారితే సగం గొడవ తగ్గిపోతుంది.

ఎత్తు: నేల మీదో టీవీ స్టాండు కింద అరలోనో కాదు, నడుము కంటే పైన. ఇనుప బీరువా, ఫ్రిజ్, అద్దాల షోకేసు వెనక పెట్టకండి. రెండంతస్తుల ఇళ్లలో మెట్ల దారి దగ్గర పెడితే మంచిది. స్లాబులో ఇనుప కడ్డీల వల ఉంటుంది. మెట్ల కోసం వదిలిన ఖాళీలోంచి సిగ్నలు పైకీ కిందికీ సులువుగా పాకుతుంది. పెట్టె మీద రాసే 50 మీటర్లు లోపల, 300 మీటర్లు బయట అన్న అంకెలు అడ్డం లేని చోట కొలిచినవి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు, ఒక స్లాబు దాటాక ఎంత మిగులుతుందో నడిచి చూసుకోవాల్సిందే.

రోజెట్ అక్కడే ఉంది కాబట్టి తీగ పొడిగించండి. రెండు కోర్ల చదును ఫోను తీగ ఐదు మీటర్లు చాలు. ఇంట్లో లాన్ కేబుల్ ముక్కలు మిగిలుంటే అందులో నీలం జత ఇంకా మేలు. మెలి తిప్పి ఉంటుంది కాబట్టి గుయ్యిమనే హమ్ము పట్టదు. ఆర్‌జే11లో మధ్య రెండు పిన్నులకే కలపాలి. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం లాగొద్దు.

#7 ఓరుగల్లు_వైరు

సుబ్బన్న చెప్పింది కరెక్టే. ఇంకోటి గుడ చూడుండ్రి. బేస్ అడాప్టరును రౌటరు అడాప్టరు ఉన్న స్ట్రిప్పులనే పక్క పక్కకు గుచ్చితే, నాసిరకం అడాప్టర్ల కెళ్లి సన్నగ కీచుమనే సప్పుడు వస్తది. ఫోన్ల లోపమనుకుని షాపుకు పట్టుకపోతరు. వేరే సాకెట్ల పెట్టి చూస్తే ఆడనే తేలిపోతది.

అడాప్టరు వెచ్చగుంటే భయపడకుండ్రి, అది మామూలే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటెనే మార్చాలె. మార్చేటప్పుడు బేస్ అడుగున రాసిన వోల్టేజీనే తేవాలె. కొన్నిటికి 5.5 వోల్టులు, కొన్నిటికి 6.5. పిన్ను సరిపోయిందని 9 వోల్టులది గుచ్చుడు వద్దు. బేస్‌కు, రెండో ఛార్జరుకు వచ్చిన అడాప్టర్లు ఒక్కతీరుగ కనపడ్డా ఒకసారి చదివి పెట్టుకోవాలె.

#8 బ్యాటరీబాబాయ్

పెట్టె విప్పబోతున్నారు కాబట్టి బ్యాటరీల మాట. ఈ సెట్లలో వచ్చేవి ఏఏఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్, ఒక్కోటి 1.2 వోల్టులు, హ్యాండ్‌సెట్‌కి రెండు. ఇవి మళ్లీ మళ్లీ ఛార్జి అయ్యే రకం. రిమోటుకి వేసే మామూలు 1.5 వోల్టుల సెల్లులు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. వేస్తే ఫోను ఆన్ కూడా అవుతుంది, ఆ తర్వాత క్రేడిల్ (ఛార్జి స్టాండు) వాటికి ఛార్జి ఎక్కించడం మొదలుపెడుతుంది. అవి కారతాయి, ఒక్కోసారి పగులుతాయి. కారిన ఉప్పు స్ప్రింగుల్ని తినేశాక హ్యాండ్‌సెట్ బాగు చేయడానికి ఏమీ మిగలదు. పెద్దవాళ్లున్న ఇంట్లో బ్యాటరీ మూత లోపల "ఛార్జి సెల్లులే వేయాలి" అని చీటీ అంటించండి.

వేసేటప్పుడు ముందు మైనస్ చివర స్ప్రింగు వైపు నొక్కి, తర్వాత ప్లస్ దించాలి. కొత్తవాటి మీద పల్చని ప్లాస్టిక్కు పొర ఉంటే పీకేయాలి. మొదటిసారి 7 గంటలు కదపకుండా ఛార్జి. అరగంటకే మూడు గీతలు చూపించినా నమ్మొద్దు. కొత్త సెల్లుల విషయంలో ఆ గీతలు అబద్ధం చెబుతాయి.

రెండేళ్లకో మూడేళ్లకో మాట్లాడుతుండగానే పీప్ పీప్‌మని ఆగిపోవడం మొదలవుతుంది. రెండూ కలిపి ఒకేసారి మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది కలపొద్దు. 550 నుంచి 800 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) దాకా ఏదైనా సరే. 1100 ఎంఏహెచ్‌వి వేస్తే చెడిపోదు గానీ క్రేడిల్ నెమ్మదిగా ఎక్కించే రకం కాబట్టి నిండడానికి రెట్టింపు టైము పడుతుంది. మార్చే ముందు క్రేడిల్‌లోని రెండు లోహపు పలకల్నీ, హ్యాండ్‌సెట్ అడుగున ఉన్నవాటినీ పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. వంటింటి జిడ్డు పట్టి ఛార్జి ఎక్కకపోతే సెల్లులు పోయాయనుకుంటాం. కొన్ని పాత మోడళ్లలో సెల్లుల బదులు ప్లాస్టిక్కు చుట్టి సన్న తీగ, చిన్న కనెక్టరు ఉన్న ప్యాకు ఉంటుంది. దానికి వోల్టేజీతో పాటు కనెక్టరులో ఎరుపు, నలుపు ఏ వైపు ఉన్నాయో కూడా సరిచూసి తేవాలి.

#9 గోదారిగట్టు

7 గంటలు ఛార్జి అయ్యింది, బేస్ మెట్ల దగ్గర అర మీద పెట్టాం, రెండు హ్యాండ్‌సెట్లలోనూ టోన్ వస్తోంది. ఇప్పుడు రెండు చిక్కులు. ల్యాండ్‌లైన్ నుంచి సెల్లులకి చేస్తే తప్పు నంబరన్న రికార్డింగ్ వస్తోంది. వచ్చే కాల్స్‌లో నంబరు కనబడడం లేదు.

#10 ఓరుగల్లు_వైరు

సెల్లుకు ముందు 0 కొట్టాలె. ల్యాండ్‌లైన్ల కెళ్లి సెల్లు నంబరుకు చేస్తే 0 పెట్టుడు 2021 జనవరి 15 నుంచి రూలు. ఫోన్‌బుక్కుల సెల్లు నంబర్లన్నీ 0తోనే ఎక్కియ్యుండ్రి. వేరే ఊరి ల్యాండ్‌లైన్లయితే ఎట్లాగూ ఎస్టీడీ కోడు ఉంటది: హైదరాబాదుకు 040, వరంగల్‌కు 0870, బెజవాడకు 0866.

#11 ఎక్స్ఛేంజి_పాతకాపు

నంబరు కనబడకపోవడానికి కారణాలు మూడు. ఈ వరసలోనే చూడండి.

మొదటిది: ఆ సదుపాయం మీ నంబరు మీద ఉందా లేదా. సెల్లు నుంచి చేస్తూ నంబరు తెర ఉన్న ఇంకో ఫోనుతో ఓఎన్‌టీ దగ్గరే చూడండి.

రెండోది: పంపే పద్ధతి. మన రాగి లైన్లలో ఎక్కువ చోట్ల నంబరుని డీటీఎంఎఫ్ స్వరాలుగా (అంకెలు నొక్కితే వినిపించేవే), మొదటి గంటకి ముందే పంపేవారు. ఓఎన్‌టీలో ఎఫ్‌ఎస్‌కే (మోడెంలా డేటాగా పంపే పద్ధతి) పెట్టి ఉంటే నంబరు సాధారణంగా మొదటి గంటకీ రెండో గంటకీ మధ్య వస్తుంది. మొదటి గంటకే ఫోను ఎత్తే అలవాటుంటే అది తెర మీదకి వచ్చేలోపే తెగిపోతుంది. రెండుసార్లు గంట మోగేదాకా ఆగి చూడండి. ఇక్కడ అమ్మే సెట్లు మామూలుగా రెండు పద్ధతుల్నీ పడతాయి, బయటి దేశాల సెట్లు ఒక్క ఎఫ్‌ఎస్‌కేనే పట్టొచ్చు. పోర్టు ఏ పద్ధతిలో పంపాలన్నది ఓఎన్‌టీ సెట్టింగు. అది మన లాగిన్‌లో కనబడకపోవచ్చు, కనెక్షన్ ఇచ్చినవాళ్లని "ఫోను పోర్టు కాలర్ ఐడీని డీటీఎంఎఫ్‌కి మార్చండి" అని సూటిగా అడగాలి. నంబరు రావడం లేదని మాత్రం చెబితే మీ ఫోను చెడిపోయిందంటారు.

మూడోది: సమాంతరంగా ఉన్న పాత ఫోను. కొన్ని పాత తీగ ఫోన్లు గంటకి ముందు వచ్చే స్వరాల్ని నొక్కేస్తాయి. దాన్ని పీకి చూస్తే తెలిసిపోతుంది.

ఒక చిన్న మెలిక. డీటీఎంఎఫ్‌లో వచ్చేది నంబరు ఒక్కటే, టైము రాదు. ఎఫ్‌ఎస్‌కేలో తేదీ, టైము కూడా వస్తాయి. కాబట్టి డీటీఎంఎఫ్ లైను మీద ఫోను గడియారం మనమే సరిచేయాలి. కరెంటు పోయి బేస్ ఆరిపోతే చాలా సెట్లలో గడియారం మళ్లీ పోతుంది, మిస్డ్ కాల్ ఎప్పుడొచ్చిందో తెలియదు.

#12 కేబుల్‌మేస్త్రి

గడియారం మాట వచ్చింది కాబట్టి, పానాసోనిక్ సెట్లు చాలావాటిలో మెనూ నొక్కి # తర్వాత మూడంకెలు కొడితే నేరుగా ఆ సెట్టింగుకి వెళ్తాయి. మోడల్‌ని బట్టి ఒకటీ అరా మారతాయి, పుస్తకంతో సరిచూసుకోండి:

- #101 తేదీ, టైము
- #120 డయలింగు పద్ధతి. టోన్ పెట్టాలి. పల్స్ పెడితే ఓఎన్‌టీలు సాధారణంగా అర్థం చేసుకోవు, ఎన్ని నొక్కినా డయల్ టోన్ అలాగే మోగుతూ ఉంటుంది.
- #121 రీకాల్ (కాల్ వెయిటింగు తీసుకోవడానికి నొక్కే బటన్) వ్యవధి
- #130 కొత్త హ్యాండ్‌సెట్ రిజిస్ట్రేషన్
- #131 రిజిస్ట్రేషన్ రద్దు
- #160 గంట శబ్దం

మూడో హ్యాండ్‌సెట్ కలపాలంటే: బేస్ మీద హ్యాండ్‌సెట్ వెతికే బటన్ని 5 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఉన్న హ్యాండ్‌సెట్లన్నీ మోగడం మొదలైతే తక్కువసేపు నొక్కారన్నమాట. మళ్లీ నొక్కి ఆపి మొదటినుంచి చేయండి. కొత్తదానిలో #130, ఓకే. బేస్ పిన్ అడుగుతుంది, ఫ్యాక్టరీలో ఇచ్చేది 0000. ఒక బేస్‌కి సాధారణంగా ఆరు దాకా. గిగాసెట్‌లోనూ ఇదే తరహా: బేస్ బటన్ 3 సెకన్లు, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్, పిన్ 0000.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. డెక్ట్ (2.4 కాకుండా కార్డ్‌లెస్‌లకి విడిగా ఉన్న రేడియో పద్ధతి) ఫోన్లలో గ్యాప్ అనే ఉమ్మడి ప్రమాణం ఉంటుంది, ఒక కంపెనీ బేస్‌కి ఇంకో కంపెనీ హ్యాండ్‌సెట్ కలిస్తే కనీసం మాట నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకి అలాంటి ఉమ్మడితనం లేదు. అదే కంపెనీ, పుస్తకంలో రాసిన మోడలే తేవాలి.

#13 గోదారిగట్టు

డీటీఎంఎఫ్‌కి మార్పించాం, నంబర్లు వస్తున్నాయి. కానీ ఫోన్‌బుక్కులో 0తో ఎక్కించిన పేర్లు కాల్ వచ్చినప్పుడు పడటం లేదు, ఉత్త నంబరే పడుతోంది.

#14 సిగ్నల్‌సుబ్బు

వచ్చే నంబరు 0 లేకుండా పది అంకెలతో వస్తోంది, మీరు దాచింది 0తో పదకొండు. ఫోను రెండింటినీ పోల్చి చూసి వేరే నంబరనుకుంటోంది. కొన్ని లైన్లలో 0తో, కొన్నిటిలో 91తో కూడా వస్తుంది, మీకు ఎలా వస్తోందో కాల్స్ జాబితాలో చూడండి. ముఖ్యమైన ఐదారుగురికి రెండు ఎంట్రీలు పెట్టడమే దారి: పేరు పడటానికి వచ్చే రూపంలో ఒకటి, చేయడానికి 0తో ఒకటి. చేయాల్సినవాటిని స్పీడ్ డయల్‌కి ఇచ్చేస్తే, పెద్దవాళ్లు 2 గానీ 3 గానీ నొక్కి పట్టుకుంటే సరిపోతుంది, ఫోన్‌బుక్కు తెరిచే పనే ఉండదు. మిస్డ్ కాల్ నుంచి తిరిగి చేయాలంటే జాబితాలోనే ఎడిట్ నొక్కి ముందు 0 చేర్చి చేయాలి. లేకపోతే మళ్లీ తప్పు నంబరు రికార్డింగే.

నంబరు కొట్టాక నాలుగైదు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే కంగారు పడొద్దని కూడా చెప్పండి. ఇంకో అంకె వస్తుందేమోనని ఓఎన్‌టీ ఆగి చూస్తుంది. చివర # కొడితే చాలా ఓఎన్‌టీలు వెంటనే పంపేస్తాయి.

#15 డల్లాస్‌తెలుగు

ఇక్కడ డెక్ట్ 6.0 సెట్లు చవగ్గా దొరుకుతున్నాయి. నాలుగు హ్యాండ్‌సెట్లది ఒకటి గుంటూరు పంపితే పనిచేస్తుందా?

#16 సిగ్నల్‌సుబ్బు

పంపకండి. అమెరికా డెక్ట్ 6.0 నడిచేది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్. ఇండియాలో అది సెల్లు కంపెనీల 2100 పట్టీలో ఫోను నుంచి టవరుకి వెళ్లే దారి, 1920 నుంచి 1980. మీ బేస్ రోజంతా ఆ దారిలో మాట్లాడుతూ కూర్చుంటే చుట్టుపక్కల సెల్లులకి ఇబ్బంది. అనుమతి కూడా లేదు. మన దగ్గరా యూరప్‌లోనూ డెక్ట్‌కి వాడేది 1880 నుంచి 1900. ఐఐటీ మద్రాసులో 1990లలో తయారైన కార్‌డెక్ట్ (తీగ లేకుండా ఇళ్లకి ఫోను లైను ఇచ్చే పద్ధతి) కూడా ఆ డెక్ట్ ప్రమాణం మీద కట్టిందే.

ఇంకోటి, అక్కడి అడాప్టర్లు చాలావరకు 120 వోల్టులకే. ఇక్కడి 230లో పెడితే క్షణం పట్టదు. మీద 100–240 అని ఉంటేనే గుచ్చాలి.

#17 ఎక్స్ఛేంజి_పాతకాపు

ఇంగ్లండు నుంచి తెచ్చినవైతే రేడియో సరిపోతుంది గానీ తీగ దగ్గర తంటా. గోడ వైపు వాళ్లది వెడల్పు ప్లగ్గు. దాన్ని కోసి ఆర్‌జే11 వేయాలని చూస్తారు. కొన్ని సెట్లలో బేస్ లోపల లైను మధ్య పిన్నులకి కాక పక్క పిన్నులకి వస్తుంది. ఇక్కడి మామూలు తీగ గుచ్చితే చప్పుడే ఉండదు. మల్టీమీటరుతో ఏ పిన్నులో చూసుకుని కలపాలి, లేదా ప్లగ్గు మార్చే అడాప్టరు కొనాలి. రీకాల్ వ్యవధి కూడా వాటిలో 100 మిల్లీసెకన్లు ఉంటుంది. కాల్ వెయిటింగు తీసుకోవడానికి రీకాల్ నొక్కినా ఓఎన్‌టీ పట్టించుకోకపోతే 600కి పెంచి చూడండి. మరీ ఎక్కువ పెడితే ఫోను పెట్టేశారనుకుని కాల్ తెంచేస్తుంది.

#18 గోదారిగట్టు

కరెంటు పోతే ఏం చేయాలి? రాగి లైనున్నప్పుడు ఆ చింత ఉండేది కాదు.

#19 బ్యాటరీబాబాయ్

రాగి లైనుకి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఇప్పుడు రెండు చోట్ల కావాలి: ఓఎన్‌టీకీ, కార్డ్‌లెస్ బేస్‌కీ. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే రెండు సాకెట్లూ దాని లైను మీదకి మార్చండి, కథ అయిపోతుంది.

ఇన్వర్టరు లేకపోతే ఓఎన్‌టీకి 12 వోల్టుల మినీ యూపీఎస్. లెక్క ఇలా చూడాలి. పెట్టె మీద 8800 ఎంఏహెచ్ అని రాస్తే అది 3.7 వోల్టుల సెల్లుల లెక్క, అంటే సుమారు 32 వాట్ అవర్లు. ఓఎన్‌టీ 10 వాట్లు తింటే మార్పిడి నష్టాలు పోను రెండున్నర గంటలు వస్తే గొప్ప. 8800ని 12తో గుణించి పది గంటలు వస్తుందనుకోవద్దు. మినీ యూపీఎస్‌లు ఇచ్చేవి సాధారణంగా 5, 9, 12 వోల్టులు. మీ బేస్ 5.5దో 6.5దో అయితే వాటిలో ఏదీ సరిపోదు, పైన ఓరుగల్లు అన్న చెప్పిందే.

అందుకే కార్డ్‌లెస్‌తో పాటు మామూలు తీగ ఫోను ఒకటి సమాంతరంగా ఉంచేయండి. దానికి వేరే కరెంటు అక్కర్లేదు, ఓఎన్‌టీ బతికుంటే అదీ బతికుంటుంది. రాత్రిపూట 108కో 112కో చేయాల్సొస్తే పెద్దవాళ్లకి హ్యాండ్‌సెట్ ఎక్కడుందో వెతుక్కునే పని కూడా ఉండదు.

#20 కొండపల్లి_యాంటెన్నా

ఫైబర్ రాని పల్లెల్లో ఇదే కార్డ్‌లెస్‌ని సిమ్ మీద నడపొచ్చా?

#21 కేబుల్‌మేస్త్రి

నడపొచ్చు. సిమ్ వేసుకుని ఆర్‌జే11 పోర్టు ఇచ్చే పెట్టెలు దొరుకుతాయి, బేస్ దానికి కలిపితే అదే ల్యాండ్‌లైనులా పనిచేస్తుంది. చూడాల్సింది ఒక్కటే, ఆ పెట్టె వోల్టీ (4జీ మీదే మాట నడిచే పద్ధతి) మీద కాల్స్ చేయగలగాలి. చవకవి 2జీ మాత్రమే. జియో సిమ్ వాటిలో అసలు పనిచేయదు, ఆ నెట్‌వర్కులో 2జీ, 3జీ లేవు. 4జీ అని రాసి ఇంటర్నెట్ మాత్రం 4జీలో ఇచ్చి కాల్స్‌ని 2జీకి దించే పెట్టెలూ ఉన్నాయి, కొనేముందు మీ సిమ్ వేయించి కాల్ చేసి చూడండి. సిమ్ మీద కాబట్టి నంబరు ముందు 0 తప్పనిసరి కాదు, పెట్టినా వెళ్తుంది.

#22 గోదారిగట్టు

చివరిగా ఒకటి. పైగదిలో ఒక మూల మాత్రం మాట తెగుతోంది. రిపీటరు కొనాలా?

#23 సిగ్నల్‌సుబ్బు

2.4 సెట్లకి రిపీటరు దొరికేది అరుదు, అవి ఎక్కువగా డెక్ట్‌కే. ముందు ఇవి చేయండి: మెనూలో ఎకో మోడ్ ఉంటే ఆపేయండి, అది దగ్గరున్నప్పుడు బేస్ పవరు తగ్గిస్తుంది. బేస్‌ని అర మీద ఇంకో రెండడుగులు పైకి జరపండి. ఆ గదిలో వైఫై పెట్టె ఉంటే దాని 2.4 చానెల్ మార్చండి. అప్పటికీ తెగితే పైన ఓఎన్‌టీ పక్కనే ఉన్న రోజెట్‌కి ఆ తీగ ఫోను తగిలించేయండి, రిపీటరు ధరలో నాలుగో వంతు కూడా కాదు.

#24 ఓరుగల్లు_వైరు

తీగ ఫోను పైకి పోతే మరి కరెంటు పోయినప్పుడు కింద ముసలోళ్లకు ఏముంటది? రెండు తీగ ఫోన్లు, ఒక బేస్. మూడు ఫోన్ల గంటలు మోగుతయా లేదా సెల్లుకెళ్లి ఒకసారి కొట్టి చూడుండ్రి. ఏదన్నా మూగబోతే పైదాని గంట స్విచ్చి బందు పెట్టుండ్రి, మాట్లాడనీకి మాత్రం పనిచేస్తది.